మేడ మీది నందివర్ధనాలు

స్వామి కల్యాణానికి ఇంకా కొద్దిసేపే ఉందనగా ఎవరిదో గేదె కంచె తోసుకుని గుడి తోటలోకి చొరబడింది. నందివర్ధనం పొదలు నేలమట్టమయ్యాయి. అర్చకులు అనంతపద్మనాభంగారు తడి పంచెతోనే ఇంటికి వచ్చి, మేడ మీది పూలన్నీ కోసుకురమ్మని కోడలు ఆండాళ్‌కు చెప్పారు.

ఆండాళ్ పూలసజ్జ అందుకుని ఆయన ముఖంకేసి చూసింది.

"ఏమిటలా చూస్తావు? పెళ్ళికొడుకు మెడ బోసిగా ఉందక్కడ" అన్నారాయన.

సజ్జ పట్టుకుని మెట్లెక్కింది.

ఆ మేడంటే ఆండాళ్‌కు ప్రాణం. ఆమె టెక్కలికి కాపరానికి వచ్చిన కొత్తలో మేడగది ముందున్న ఆరుబయలు డాబా ఎండలో బోడిగా పడి ఉండేది. తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న భర్త జనార్దనరావుచేత ఖాళీ డాల్డా డబ్బాలు తెప్పించి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ఎర్రటి జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టింది. పిట్టగోడ వెంట నందివర్ధనం, కనకాంబరం, మరువం నాటింది. సాయంత్రం అక్కడ చాప వేసుకుంటే అత్తగారు మంగతాయారుకు కిందికి దిగబుద్ధి అయ్యేది కాదు. మామగారికి మాత్రం గిట్టలేదు. వడియాలు ఎండబెట్టే చోటు పోయిందనీ, నీళ్ళు దిగి కప్పు చెమ్మగిల్లుతుందనీ సణిగేవారు. తన ఆచారానికి అడ్డం వచ్చిన రోజున డబ్బాలన్నీ వీధిలో ఉంటాయని ఒకసారి గట్టిగానే అన్నారు.

మాఘమాసంలో నందివర్ధనం ఆకులు పసుపెక్కాయి. మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోయేవి. సముద్రపు ఒడ్డు నుంచి మొగలిపువ్వులు అమ్మకానికి తెచ్చే రాజులమ్మ, వాకిట్లో గంప దించి ఆండాళ్ దిగులంతా వింది.

"మా ఇంటికాడ బంతిమొక్కలకి సేపలు కడిగిన నీల్లే పోత్తాం తల్లీ. సూడు, తలకాయంతేసి పువ్వులు పూత్తాయి. మీ పంతులుగోరికి మాత్రం సెప్పకు, నన్నీ వీదిలోకే రానియ్యరు" అని నవ్వింది.

ఆండాళ్ ముక్కు మూసుకుంది. కాని మొగ్గలు రాలడం ఆగలేదు. చివరికి వచ్చినప్పుడల్లా గుట్టుగా ఒక డబ్బాడు నీళ్ళు తెమ్మంది. సిగలోకీ కంటికింపుకీ పెంచుకునే పూలేగదా, స్వామికి గుడి తోట ఉందిగదా అని మనసుకు చెప్పుకుంది. పెరట్లోని తులసికోట దరికి ఆ నీళ్ళు పోనివ్వలేదు. మామగారు గుడికి వెళ్ళాక మొదళ్ళలో పోసి మట్టి కప్పేది. పక్కింటి పిల్లి మేడను ఎందుకు వదలడం లేదో మంగతాయారుకు మాత్రం అంతుపట్టలేదు.

ఇప్పుడు పొదలు పాలు ఒలికినట్టు పూసి ఉన్నాయి. ఆండాళ్ ఒక పువ్వు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. మెదిపితే స్వామికి దండ లేదు, ఈ డబ్బాలూ ఉండవు. అర్చకుల కోడలు ఇంట్లోకి చేపల నీళ్ళు తెచ్చిందని వీధివీధంతా చెప్పుకుంటుంది. కింద గుడి నుంచి సన్నాయి వినిపిస్తోంది.

"ఇంకా ఒక్కటీ కోయలేదేం?" మామగారు మెట్లెక్కి వచ్చారు. వెనకాలే మంగతాయారు.

ఆండాళ్ సజ్జ కింద పెట్టింది.

"మామయ్యగారూ, ఈ మొక్కలకి చేపలు కడిగిన నీళ్ళు పోశాను."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మాఘం నుంచీ."

"స్వామికి వెళ్ళే పూలని తెలిసేనా?"

"తెలియదండీ. తెలిశాక కోయడానికి చెయ్యి రాలేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. డబ్బాల వరసకేసి చూసిన చూపు, వాటిని ఆ క్షణమే పిట్టగోడ మీంచి తోసేసేట్టు ఉంది.

మంగతాయారు ముందుకు వచ్చింది. "మా పుట్టిల్లు జలంత్రకోటలో కొబ్బరి మొదళ్ళకి చేపల పెంటే వేస్తారు. చిన్నప్పుడు ఆ కంపుకి తోటలో ఆడుకోలేకపోయేవాళ్ళం. రోజూ స్వామికి మీరు కొట్టేది ఆ కాయేనండీ."

"ఆ మాట ఇప్పుడెందుకు?"

"నేను మాత్రం ఎప్పుడు చెప్పాను? ముప్ఫైయేళ్ళుగా ప్రసాదం కళ్ళకద్దుకు తింటున్నాను. పిల్ల చెప్పింది గనక, నాకూ చెప్పాలనిపించింది."

ఆయన శాస్త్రంలో ఎక్కడైనా ఉందేమోనని పెదవులు కదిపారు. కింద సన్నాయి ఆగి, మేళం మొదలైంది. పీటల మీద పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఎదురుచూస్తున్నారు.

"కొయ్యి" అన్నారు చివరికి. "పుణ్యాహవాచనం చేసి ఆ కలశం నీళ్ళు పూల మీద చల్లుతాను. తప్పైతే స్వామి నన్నే అడుగుతాడు."

రెండు మెట్లు దిగి ఆగారు. "డబ్బాలు ఉండనీ. ఇక బావినీళ్ళు తప్ప మరొకటి పోయకు."

అత్తాకోడళ్ళు గబగబా కోశారు. కళ్ళు మసకబారి ఆండాళ్ రెండు మొగ్గలు కూడా తుంపేసింది.

గుడిలో అనంతపద్మనాభంగారు మంత్రం చదివి, మావిడాకుతో కలశంలోని నీళ్ళు సజ్జ మీద చల్లారు. తెల్లటి పూల మీద బొట్లు మెరిశాయి. ఆయన ఆకును కలశంలో పెట్టబోతూ తలెత్తారు. స్తంభం పక్కన నిలబడిన కోడలి చూపు మండపం మూల భక్తులు తెచ్చిపెట్టిన కొబ్బరికాయల రాశి మీద ఉంది.

ఆయన కూడా అటే చూశారు. తరవాత ఆకును మళ్ళీ నీళ్ళలో ముంచి, రాశి వైపు తిరిగి, పైనున్న కాయల మీద, పక్కనున్న వాటి మీద, ఒక్కటీ వదలకుండా చల్లడం మొదలుపెట్టారు.