పోయి రా

వడ్ల కొనుగోలు కేంద్రాల సాఫ్ట్‌వేర్‌ను మొదట రాసినవాడెవడో గానీ ఒట్టి చాదస్తుడు. వడ్లు కదిలితే ఒక దశ, మెదిలితే ఒక దశ, మొత్తం పదమూడు. తేమ ఎక్కువైన వడ్లకైతే ‘పోయి రా’ అని ప్రత్యేకంగా ఒక దశ పెట్టాడు. అది చూసి, ఆ సాఫ్ట్‌వేర్‌ను తిరగరాసే పనిలో ఉన్న సౌందర్య హైదరాబాద్ ఆఫీసులో పడీపడీ నవ్వింది. వడ్లను సాగనంపే మర్యాదేమిటి?

పదమూడింటిని నాలుగు చేసింది. వచ్చింది, చూశాం, తూచాం, అయిపోయింది. తేమ ఉంటే నేరుగా ‘అయిపోయింది’లోకే; రైతు ఇంటికి తీసుకుపోతాడు, గొడవ వదిలిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి తెచ్చే దారి పెట్టలేదు. రైతుకు సీజనుకు ఒకటే టోకెన్. “ఇంటర్‌ఫేస్ అంటే ఇట్లుండాలె” అని మేనేజర్ మిథున్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

నెల తిరక్కుండానే ఒక శనివారం పొద్దున పాలకుర్తి దగ్గరి కేంద్రం నుంచి నాయిన భిక్షపతి ఫోన్ చేశాడు.

“బిడ్డా, గీ మిషన్ల నా వడ్లు అయిపోయినయంటున్నరు. నా కండ్ల ముందటనే రాశి ఉన్నది గదా!”

భిక్షపతి వడ్లను ఇంటికి తీసుకుపోలేదు. అసలెవరు తీసుకుపోతారు? తేమ ఉందంటే కేంద్రం ముందరే టార్పాలిన్ పరదా మీద ఆరబోసి, రెండు మూడు రోజులాగి మళ్లీ కాంటా దగ్గరికి పోవడమే అక్కడి పద్ధతి. చిన్నప్పుడు ఆ వడ్లను కాళ్లతో తిరగేసిన పిల్లే సౌందర్య. ఎట్లా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

“నాయినా, అది నేను చేసిందే,” అంది.

“నువ్వు చేసినవంటే మంచిగనే చేసుంటవ్ తియ్.”

ఆ మాట ఆమెను ఇంకా కాల్చింది. వెంటనే మిథున్‌కు ఫోన్ చేసింది. కోడ్‌లో ఒక్క వరుస చేరిస్తే చాలు, ఈ రోజే కేంద్రానికి ఆఖరి రోజు అని బతిమాలింది.

“టెస్టింగ్ కాకుండ ఏదీ ఎక్కియ్యం. సోమవారం చూద్దాం.”

సాయంత్రం మళ్లీ నాయినే చేశాడు. వెనకాల వాన చప్పుడు.

“పైన పరదా కప్పినం గని కిందికెల్లి నీళ్లొచ్చినయ్ బిడ్డా. వడ్లన్నీ నానినయ్. కాంటా గూడ ఎత్తుకపోయిండ్రు.”

సౌందర్య ఏడ్చింది. ఆయన ఏడవలేదు.

గడప దాటినా, ఫోన్ పెట్టినా ‘పోయొస్త’ అనడమే ఆయనకు అలవాటు. చిన్నప్పుడు ఆమె ‘పోత’ అంటే, గట్ల అనొద్దని గద్దించేవాడు.

“ఇగ పోత బిడ్డా,” అని ఫోన్ పెట్టేశాడు.