పొయ్యి తాతకు కట్టిన గూడు

చలికాలం వచ్చిందంటే మధ్యాహ్నానికే చీకటిపడే, ఉత్తర ధ్రువం దగ్గరి ఊళ్లో హిల్యా అని ఒక ఇల్లాలు ఉండేది. మొగుడు తావెత్తికి ఊపిరితిత్తులు చెడిపోయి, కట్టెల పొగ సోకితే చాలు, ప్రాణం మీదికి వచ్చేది. అందుకని పెద్ద పొయ్యిని ఇటుకలతో మూయించి, గాలిలోంచి వేడి లాక్కునే హీట్ పంపు పెట్టించింది. దాని పెట్టె గోడ బయట మంచులో గిర్రుమంటుంటే, లోపల గది వెచ్చగా ఉండేది.

అంతా బాగానే ఉంది గానీ, ఆమె మనసే ఊరుకోలేదు. తరతరాలుగా కంటికి కనబడకుండా పొయ్యి వెనకాల ఉండి ఇల్లు కాచే ఇంటి తాత ఇప్పుడెక్కడ తలదాచుకుంటాడు? ఆవిరి స్నానం అయ్యాక ఆఖరి చెంబు నీళ్లు వేడిరాళ్ల మీద పోసి, ఆ ఆవిరి ఆయనకని వదిలి వచ్చే మనుషులాయె. పాపమనిపించి, ఇక పొయ్యి ఇదేగా అని బయటి పెట్టె చుట్టూ పలకలు బిగించి, కప్పు వేసి, ముద్దుగా చిన్న ఇల్లు కట్టింది.

ఎముకలు కొరికే చలి దిగిన రోజు ఇల్లు చల్లబడసాగింది. యంత్రం మోగుతూనే ఉంది. మధ్యమధ్య ఆ మోత ఆగి, గోడ అవతల ఎవరో ముసలాయన నిట్టూర్చినట్టు వినబడేది. కిటికీలోంచి చూస్తే పలకల సందుల్లోంచి తెల్లటి ఆవిరి మనిషెత్తున లేచి, లోపలికి తొంగి చూసినట్టు వంగి, చెదిరిపోయేది. ఇక్కడ తావెత్తి పెదవులు నీలమవుతున్నాయి.

పక్కింటి లెంపి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేం తెలివమ్మా వదినా! ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా? అది వదిలిన చల్లగాలినే మళ్లీ అదే పీలుస్తోంది. పీకెయ్ ఈ బొమ్మరిల్లు!"

"మరి ఆ ఆవిరో?"

"మీద పేరుకున్న మంచు కరిగించుకుంటోంది. మా ఇంట్లోదీ అంతే."

"పీకేస్తే ఆయన ఎక్కడికి పోతాడే?"

"ఎవరు వదినా? పోయేది నీ మొగుడు! ముందది చూసుకో."

హిల్యా గొడ్డలి తెచ్చింది. లోపలెవరో పడుకున్నట్టే ఒక్కో పలకా మెల్లగా ఊడదీసింది. పెట్టె వెనకంతా గడ్డకట్టిన మంచు. ఒక్క మూలన మాత్రం, మనిషి ముడుచుకుని కూర్చునేంత మేర, నేల పొడిగా ఉంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. లెంపీ వంగి ముట్టుకుంది. ఆపైన ఎకసెక్కాలు ఆడలేదు.

"లోపలికి పద వదినా," అంది, గొంతు తగ్గించి.

కాసేపటికి గది వేడెక్కింది. తావెత్తి పెదవులకు రంగు వచ్చింది. కళ్లు తెరవకుండానే అన్నాడు:

"కాస్త జరగవే. ఎంతసేపు నిలబెడతావు ఆయన్ని?"

 అతని పక్కన బల్ల మీద కూర్చున్న హిల్యా ఓ వారకు జరిగింది. ఖాళీ అయిన చోట చెక్క కిర్రుమంది.