నలభై ఏడో పేజీ

మరిపెడలో కిరాణాకొట్టు నడిపేవాళ్లకు పుస్తకమంటే పొట్లం. దాన్ని వెనకనుంచి చింపాలి. ముందునుంచి చింపితే కుట్టు వదిలిపోయి కాగితాలు కొట్టంతా ఎగురుతాయి. సునంద ఈ విద్య పెళ్లయిన వారానికే నేర్చుకుంది. పదకొండేళ్లుగా కొట్టు వెనక గదిలో కూర్చుని చింపుతూనే ఉంది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక పాత పేపర్ల కట్టలు రావడం ఆగిపోయింది. చెల్పూరు కరెంటు ప్లాంటులో ఎవరో ఇంజనీరు బదిలీ మీద పోతూ ఒక బస్తా పుస్తకాలు వదిలేసి వెళ్లాడని తెలిసి, సునంద భర్త గోపాల్ భూపాలపల్లి నుంచి వచ్చే లారీలో వాటిని వేయించుకున్నాడు. విప్పి చూస్తే అన్నీ మనిషిని బాగుచేసే పుస్తకాలే. ఆ ఇంజనీరుకు ఏం కష్టమొచ్చిందో పాపం.

విజయం గురించిన పుస్తకం తెల్లవారుజామున ఐదింటికి లేవమంది. సునంద నాలుగింటికే లేస్తుంది, ఆ లెక్కన విజయం ఎప్పుడో రావాలి. కాగితం మాత్రం దళసరిగా ఉండి కారప్పొడికి బాగా పనికొచ్చింది. స్వేచ్ఛ గురించిన పుస్తకం, నీ తలుపు నువ్వే తీసుకుని బయటికి నడువమంది. ఆమె ఇంటి ముందు తలుపు లేదు, షట్టరుంది. దాన్ని ఎత్తడం ఇద్దరు మనుషుల పని. ఆ కాగితం చక్కెర పోస్తే చిరిగేది.

మూడోది మనసు జబ్బుల పుస్తకం. అలవాటు ప్రకారం చివరనుంచి చింపుతూనే, దాన్ని మొదటినుంచి చదువుతూ పోయింది. ఇవాళ కాకపోతే రేపు ఆ రెండూ ఎదురుపడతాయన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఈ మధ్య ఆమెకు ఏ ఆలోచనా రావడం లేదు, ఏడుపు కూడా.

సమ్మె మొదలైన పదిరోజులకు జనగామలో ఆమె తల్లి చనిపోయింది. బస్సులు లేవు. గోపాల్ ఎవరి జీపునో బతిమాలి ఆమెను వెంటబెట్టుకుని మహబూబాబాద్ స్టేషన్ చేరాడు. అక్కడ రైలు రోకో. జనం పట్టాల మీద కూర్చున్నారు, పాటలు పాడుతున్నారు. ఎవరో మజ్జిగ ఇస్తే తాగింది. వాళ్లు జై తెలంగాణ అంటే తనూ జై అంది. ఆమెకూ తెలంగాణ రావాలనే ఉంది, మరి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? మర్నాడు జనగామ చేరేసరికి ఇల్లు కడిగేసి ఉంది.

పెద్దకర్మనాడు ఆడవాళ్లంతా ఏడ్చారు. సునంద విస్తర్లు వేసింది, అన్నం వడ్డించింది, ఎవరికి పప్పు తక్కువైందో చూసింది. దీనిది గుండె కాదు బండ అని వదిన వినపడేలాగే అంది. సునందకు నొప్పి కలగలేదు. మరిపెడకు తిరిగొచ్చాక ఒకరోజు పొయ్యి దగ్గర చేయి కాలితే అది ఇంకెవరి చేయో కాలినట్టు చూస్తూ ఉండిపోయింది. తనకు అమ్మ మీద ప్రేమే లేదేమోనని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. అదే నిజమైతే ఇక తను మనిషి కిందే లెక్క కాదు. ఆ సంగతి తేలడమొక్కటే ఆమెకు కావాలి.

నలభై ఆరో పేజీ అడుగున సరిగ్గా ఆమె సంగతే ఉంది. పెద్ద దుఃఖం వచ్చినప్పుడు కొందరికి కన్నీళ్లు రావనీ, అది ప్రేమ లేకపోవడం కాదనీ రాశారు. "అలాంటి మనిషి మొట్టమొదట చేయవలసిన పని ఒక్కటే ఉంది. అదేమిటంటే" అన్నంతవరకు వచ్చి పేజీ అయిపోయింది. పక్క పేజీ కోసం చూసింది. అట్ట.

పొద్దున తన చేతులతో తనే చింపి ఇచ్చిన కాగితం అది. సమ్మెలో పొద్దున రెండు గంటలే సగం షట్టరెత్తి అమ్ముతున్నారు కాబట్టి, చివరి పొట్లం ఎవరికి పోయిందో గోపాల్‌కు గుర్తుంది. పావుకిలో పసుపు, తండా బుచ్చికి. కాగితంతో నీకేం పని, పరీక్ష రాస్తున్నవా అని నవ్వి, రోడ్డు మీద వంటా వార్పు ఉందని గంటె పట్టుకుని వెళ్లిపోయాడు.

సునంద దొడ్డి తలుపు తీసింది. తండా రెండు మైళ్లు. పెళ్లయ్యాక ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. అది ధైర్యమని అనిపించలేదు, ఏమీ అనిపించలేదు. కాళ్లు నడిచాయి.

అరవై దాటిన బుచ్చి వాకిట్లో పత్తికాయలు ఒలుస్తోంది. శెట్టిగారి ఇల్లాలు కాగితం కోసం నడిచొచ్చిందనగానే ఆమె ముఖం పాలిపోయింది. తండాలో కాగితం పోయిందంటే భూమి పోయిందనే అర్థం. పసుపు డబ్బాలో పోసుకున్నాననీ, కాగితం పొయ్యి రాజెయ్యడానికి వాడేశాననీ తప్పు చేసినదానిలా చెప్పింది.

"పట్టా కాగితమా సేటమ్మా? నాకు సదువు రాదు."

"పట్టా కాదవ్వా. పుస్తకంల కాగితం."

"మరి ఇంత దూరమెందుకొచ్చినవ్? ఏం రాసుంది దాంట్ల?"

సునంద అబద్ధం వెతికింది. అదీ దొరకలేదు.

"మా అమ్మ సచ్చిపోయింది. బస్సుల్లేక సూస్తందుకు అందలే. నాకు ఏడుపొస్తలేదు. ఏం జెయ్యాల్నో దాంట్ల రాసుందట."

లంబాడీ ఆడవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎదుటి మనిషి ఇంట్లో చావైందని తెలిస్తే, మెడచుట్టూ చేతులు వేసి, తలకు తల ఆనించి, రాగం తీసి ఏడుస్తారు. అయినవాళ్లా కానివాళ్లా అని చూడరు. బుచ్చి ఒళ్లో పత్తి దులుపుకుని లేచి, సునంద మెడను రెండు చేతులా చుట్టి తన భాషలో రాగం ఎత్తుకుంది. చేతి గాజులు సునంద వీపుకు గుచ్చుకున్నాయి. పక్క ఇళ్ల ఆడవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. సునంద కొయ్యలా నిలబడింది. తన వంతు ఏడుపు కూడా ఈ ముసలావిడే ఏడుస్తోందని సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత ఆమెకు అనిపించిన మొదటి సంగతి అదే.

బుచ్చి సగంలో ఆగింది. కళ్లు తుడుచుకోకుండానే అడిగింది.

"మీ యమ్మ పేరేంది బిడ్డా? పేరు పెట్టి పిలువకుంటె ఆమెకెట్ల ఇనబడ్తది?"

అమ్మను పేరుతో ఎవరు పిలుస్తారు? పుట్టి ముప్పై రెండేళ్లయింది, సునంద ఆ పేరు ఎన్నడూ పైకి పలకలేదు.

"అండాలు" అంది.

గొంతు పైకి రాలేదు. బుచ్చి చెవి దగ్గరగా పెట్టింది. సునంద మళ్లీ చెప్పబోయింది. పేరు సగమే పలికింది, మిగతా సగం ఏడుపై వచ్చింది. బుచ్చి ఆ సగంలోంచే పేరును పోల్చుకుని, అండాలూ అని రాగం ఎత్తింది. సునంద ఆమె భుజం మీద ముఖం పెట్టి, వాకిలి నిండా జనం చూస్తుండగా, అమ్మా అమ్మా అని ఏడ్చింది. అమ్మ పోయి అప్పటికి ఇరవై మూడు రోజులు.