నమలుడు పరీక్షలో తప్పిన పుస్తకం

రచయిత్రి పన్నెండో పుస్తకం నమలుడు పరీక్షలో తప్పింది. నవ్వకండి. ఏడాది నిండని పిల్లల చేతికి పుస్తకమిస్తే వాళ్లు ముందుగా చేసేది దాన్ని నోట్లో పెట్టుకోవడమే కదా! అందుకని ఆ ఊళ్లో దీనికోసమే ఒక ఆఫీసు ఉంది. దళసరి అట్టపేజీల పుస్తకం ఏది అచ్చుకు వెళ్లాలన్నా ముందు ఒక నమూనా ప్రతి అక్కడికి వెళ్లాలి. అక్కడ ఉద్యోగం చేసే ఒక పెద్దమనిషి దాన్ని మూలకు ఏడు నిమిషాల చొప్పున నాలుగు మూలలూ నమలాలి. రంగు దిగకూడదు, అట్ట విడకూడదు. అప్పుడు పాసు ముద్ర పడుతుంది. మూడుసార్లు తప్పిందా, నమూనాను గుజ్జు యంత్రంలో వేసేస్తారు. ఆ పుస్తకం ఇక ఈ జన్మలో అచ్చుకు నోచుకోదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంతకు ముందు ఆవిడ రాసిన పదకొండు పుస్తకాలూ మొదటిసారికే గట్టెక్కాయి. "అంతరాయం లేకుండా నమలబడినది" అని రాసిచ్చిన పత్రాలన్నిటికీ ఆవిడ భర్త ఫ్రేములు కట్టించి హాల్లో వరసగా తగిలించాడు. ఆయనది ఇస్త్రీ దుకాణం. ఇంట్లో ఏది వంకరగా కనిపించినా ప్రాణం విలవిల్లాడిపోతుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ గోడ చూపించి, "మా ఆవిడ పుస్తకం ఒకసారి నోట్లో పెట్టారంటే మళ్లీ తీయరండీ" అని మురిసిపోయేవాడు.

ఈ పన్నెండోది మాత్రం వేరు. పేజీకో వాక్యం, పన్నెండు పేజీలు, రెండేళ్లు పట్టింది. ఒక కోడి బస్సెక్కి వెనక సీటు కింద గుడ్డు పెట్టి నిద్రపోతుంది. గుడ్డు దొర్లడం మొదలుపెడుతుంది. చెప్పుల మధ్య నుంచి, గొడుగు పక్క నుంచి, ముందు తలుపు దగ్గర మెట్ల దాకా. ఆ తర్వాత ఏమవుతుందన్నదే కథ. ఓస్ ఇంతేనా అని మనం అనేస్తాం గానీ, నాలుగో పేజీలో "దొర్లింది" అనాలా, "దొర్లుకుంటూ పోయింది" అనాలా తేల్చుకోలేక ఆవిడ నెలన్నర పిచ్చిదానిలా తిరిగింది. ఇదొక్కటి పిల్లల చేతుల్లో పడకపోతే తాను ఇన్నాళ్లూ రాసిందంతా దండగే అనిపించింది.

అలాంటి పుస్తకానికి వచ్చిన ఉత్తరం ఇది: "పరీక్షకుడు రెండో నిమిషంలో నమలడం ఆపి చదివినందున, తప్పినది."

ఆవిడ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుంది. భర్తకైతే ఒళ్లు మండిపోయింది. "చదివాడా? ఎంత పొగరు! నమలమని కూచోబెడితే చదవడమేంటి?" అని ఇస్త్రీపెట్టె ఠపీమని పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆ ఆఫీసుకు పరుగెత్తింది. రెండో అంతస్తులో తెల్ల పలకల గది, చేతులు కడుక్కునే సింకు, ఉతికి మడతపెట్టిన తువ్వాళ్లు, మధ్యలో క్షవరం కుర్చీలాంటి ఎత్తు కుర్చీ. మెళ్లో స్టాప్‌వాచీ వేలాడేసుకున్న కుర్ర అధికారి బల్ల వెనక ఉన్నాడు. కుర్చీలో పరీక్షకుడు తప్పు చేసినవాడిలా ముడుచుకుని కూచున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆఫీసంతా ఆయన్ని దవడాయన అంటారు.

"చదివితే తప్పెలా అవుతుంది సార్?" అంది రచయిత్రి.

"ఫారంలో రెండే గళ్లున్నాయి మేడమ్. నమిలారు, నమలలేదు. చదివారు అనే గడి లేదు. నన్నేం చేయమంటారు చెప్పండి?"

దవడాయన గొంతు సవరించుకున్నాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా. ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. మీది మూల కొరకగానే కాస్త విచ్చుకుంది. చూద్దును గదా, గుడ్డు మెట్ల మీదుంది! పడిందో లేదో చూడొద్దూ? నోట్లోంచి తీశాను. ఈలోగా సారు లాగేసుకున్నారు. ఆ రోజు నుంచీ ముద్ద దిగట్లేదంటే నమ్మండి."

ఆవిడకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ సంబరంలో అడక్కూడనిది అడిగేసింది. "నా పాత పుస్తకాలు కూడా మీరే కదా అన్నయ్యగారూ నమిలింది?"

"నేనే! మీ పుస్తకమొచ్చిందంటే నాకెంత సుఖమోనమ్మా. ఎక్కడా ఆగే పనుండదు. కుందేలు పళ్లు తోముకునేదొకటుంది చూడండి, దాన్నయితే కునుకు తీస్తూనే నమిలేశాను." పాపం, ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్లూ వచ్చేపోయేవాళ్లకి గోడ మీద చూపించుకుంటున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది.

రెండో పరీక్షకు అధికారి ఒక ఉపాయం పన్నాడు. దవడాయన కళ్లకు తువ్వాలు కట్టి పుస్తకం నోటికిచ్చాడు. మూడు నిమిషాలు నిక్షేపంగా సాగింది. ఆవిడ గోడకానుకుని నిమిషాలు లెక్కపెట్టుకుంది. నాలుగో నిమిషంలో దవడ ఆగింది.

"సార్, ఇప్పుడు నా పంటి కిందున్నది ఏ పేజీ?"

"అది మీకనవసరం. నమలండి."

"మెట్లున్న పేజీ కాదు గదా? గట్టిగా కొరికితే గుడ్డుకేమన్నా అవుతుందేమోనని..."

ఇంకేముంది! బతిమాలారు, కసిరారు, నీళ్లిచ్చారు. పళ్లు కలపనంటే కలపనని భీష్మించుకున్నాడు. రెండోసారీ తప్పింది.

అధికారి మంచివాడే. ఆవిడను మెట్ల దాకా సాగనంపుతూ, "ఒక్క మాట చెప్తాను, ఏమనుకోకండి మేడమ్. ఐదో పేజీ నుంచి కాస్త చప్పగా రాసివ్వండి. మీకు రాని విద్యేం కాదు గదా, పదకొండుసార్లు రాశారు" అన్నాడు.

ఆవిడ ఇంటికెళ్లి కూచుని రాసింది. "గుడ్డు మంచి గుడ్డు. అది పెందలాడే లేచేది. పెద్దల మాట వినేది." భర్త భుజం మీంచి తొంగిచూసి, "శభాష్! ఇది ఆపకుండా నములుతారోయ్" అన్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని పరపరా చించి చెత్తబుట్టలో పారేసి, ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. తానేం తప్పన్నాడో ఆ అమాయకుడికి ఇప్పటికీ తెలియదు.

మూడో పరీక్ష రోజున ఆవిడ కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూచుంది. "అన్నయ్యగారూ, ముగింపు నేనే చెప్పేస్తాను. తెలిసిపోయాక ఇంకా ఆత్రమేముంటుంది? హాయిగా నమిలేయండి."

చూడండి, కథ రాసేవాళ్లకి తమ ముగింపు ముందే చెప్పేయాల్సి రావడమంత నరకం లేదు. అయినా ఏం చేస్తుంది, తప్పలేదు. అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి, చెప్పకూడదని ఎక్కడా లేదని తేల్చి, వాచీ నొక్కాడు.

"గుడ్డు పై మెట్టు అంచుకొచ్చింది. తలుపు తెరిచే ఉంది. బయట రోడ్డు పరుగెడుతోంది. సరిగ్గా అప్పుడే బస్సు గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. గుడ్డు వెనక్కి దొర్లింది. గొడుగు పక్క నుంచి, చెప్పుల మధ్య నుంచి, తిన్నగా కోడి రెక్క కిందికి. కోడి కళ్లు తెరిచి, ముక్కుతో తడిమి, 'వెచ్చగా ఉందా నాన్నా?' అంది."

"అంటే దానికేమీ తెలియదా?"

"తెలియదు. నిద్రపోయింది కదా."

"అమ్మయ్య!" అని దవడాయన గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. పుస్తకం అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. మూల పళ్లకు తగిలింది కూడా.

"కానివ్వండి, ఐదు నిమిషాలైపోయాయి" అన్నాడు అధికారి.

దవడాయన పుస్తకాన్ని ఒళ్లోకి దించాడు. మొదటి పేజీ తెరిచి ఆవిడ వైపు తిప్పి, కుర్చీలో కాస్త పక్కకు జరిగాడు.

"ఇంకోసారి చెప్పండమ్మా."

"అంతా తెలిసిపోయిందిగా అన్నయ్యగారూ!"

"తెలిసింది. అందుకే అడుగుతున్నా. మళ్లీ మొదట్నుంచి. మెట్ల దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా."

"మేడమ్, ఇదే ఆఖరు. నమలకపోతే నేను ఫెయిలు ముద్ర కొట్టక తప్పదు" అన్నాడు అధికారి. అతని గొంతులో బాధ ఉంది.

ఆవిడ దవడాయన మొహంలోకి చూసింది. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, చూపు కోడి మీద ఉంది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

"కొట్టుకోండి సార్" అంది.

వేలు కోడి మీద పెట్టి మొదలుపెట్టింది. "ఒక కోడి బస్సెక్కింది..." గుడ్డు చెప్పుల మధ్యకు వచ్చేసరికి బల్ల మీద ముద్ర ధడాలుమంది. దవడాయన ఉలిక్కిపడ్డాడు.

"ఆ చప్పుడేంటమ్మా? బస్సుదా?"

"బస్సుదే" అని రచయిత్రి పేజీ తిప్పింది.