కూతురి పేరు మీద

ప్లంబర్‌కి నోటిదురుసని వాళ్ళావిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. చాలాకాలం ఆ నోటిని ఆవిడ ఒక్కతే భరించింది. తర్వాత చేతికి ఫోన్ వచ్చింది. అప్పట్నుంచీ అందరూ భరించాల్సి వచ్చింది.

టీ చల్లగా ఇచ్చిన హోటల్, నాసిరకం పైపు అంటగట్టిన కొట్టు, ఆపకుండా వెళ్ళిపోయిన బస్సు, దేన్నీ వదిలేవాడు కాదు. పని ముగించి, చేతులైనా సరిగ్గా తుడుచుకోకుండా ఫోన్ తీసేవాడు. రివ్యూల్లో ఒకే ఒక్క స్టార్ పడేసి, దాని కింద కడిగిపారేసేవాడు. ఏడో తరగతితో బడి మానేసినా ఇబ్బంది లేదు. నోటితో అంటే చాలు, రాసే పని ఫోనే చూసుకునేది.

అది కూతురి పాత ఫోన్. తను కొత్తది కొనుక్కుని దాన్ని తండ్రికిచ్చింది.

"నీ పేరుతో వేరే అకౌంట్ తెరుస్తాను నాన్నా. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావు?" అని అడిగింది ఆ రోజు.

"అవన్నీ నా బుర్రకెక్కవే. ఉన్నదాంతోనే కానియ్."

కానిచ్చింది. అలా రెండేళ్ళుగా అతని తిట్లన్నీ ఆమె పేరూ ఆమె ఫోటో తగిలించుకుని లోకమంతా తిరుగుతున్న సంగతి తండ్రీకూతుళ్ళిద్దరికీ తెలియదు. ఆ పిల్లేమో స్నేహితులతో దిగిన ఫోటో పెట్టడానికి కూడా వెనకాముందూ చూసుకునే రకం. ఉద్యోగాలిచ్చేవాళ్ళు అన్నీ వెతుకుతారట.

వెతికారు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన పిల్ల చెప్పులైనా విప్పకుండా ఫోన్ అతని ముందు పెట్టింది.

"ఇది నువ్వేనా నాన్నా?"

తనే. ఒకప్పుడు భుజం పట్టేసి ఆ క్లినిక్‌కే వెళ్ళాడు. 'కౌంటర్లో నత్తిదాన్ని కూర్చోబెట్టారు. అది నా పేరు పిలిచేలోపు నొప్పి దానంతటదే తగ్గిపోయింది.' అన్నరోజు తన చమత్కారానికి తనే పడీపడీ నవ్వుకున్నాడు.

"దీన్ని నా చేత పైకి చదివించారు."

"నువ్వేమన్నావు?"

"సారీ అన్నాను."

"మా నాన్న రాశాడని చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పను? మా నాన్న ఇలాంటివాడని చెప్పనా?"

తెల్లారాక ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంట్లో చెప్పకుండా క్లినిక్‌కి వెళ్ళాడు. కౌంటర్లో అదే అమ్మాయి.

"డాక్టరమ్మతో మాట్లాడాలి."

"దే... దేని గురించండీ?"

"అదీ... నిన్న... ఆ మాట... రాసింది మా అమ్మాయి కాదమ్మా. నేను."

ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. "నె... నెమ్మదిగా చెప్పండి. నాకేం తొందర లేదు," అంది.

అతను తలొంచుకున్నాడు. ఎంత తిట్టినా ఇంత తగిలేది కాదు.

"మీ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. తను రా... రాయలేదని మాత్రం అనలేదు," అని లోపలికి వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ అంతా నిలబడే విన్నది. "అయితే రాసింది ఆ పిల్ల కాదన్నమాట."

"కాదు తల్లీ! దాని నోట్లోంచి పరుషమైన మాటే రాదు."

"నిన్న ఇది ఆ వయసు పొగరనుకున్నానండీ. పైగా తప్పు ఒప్పుకుంది. బుద్ధి చెప్పి తీసుకుందామనే అనుకున్నాను. ఇప్పుడేమో తన అకౌంట్ ఇంకొకరి చేతిలో పెట్టి రెండేళ్ళు అటువైపు చూడనే లేదంటున్నారు. ఇక్కడ రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి. ఎలా అప్పగించను?"

"వేరే అకౌంట్ తెరుస్తానంది. నేనే వద్దన్నాను!"

"మీరు వద్దంటే ఊరుకుంది కదా," అని ఆవిడ మెల్లగా అని, లోపలికి వెళ్ళిపోయింది.

కూతురిమీద పడ్డ మచ్చ తుడుద్దామని వెళ్ళినవాడు, ఇంకోటి అంటించి బయటికొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పిల్ల నేలమీద కూర్చుని అతను రాసినవన్నీ ఒక్కొక్కటే తీసేస్తోంది.

"ఈ బస్సు డ్రైవర్ నిన్నేం చేశాడు నాన్నా?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. హోటల్ సంగతీ అంతే, కొట్టు సంగతీ అంతే. కోపాలన్నీ ఎప్పుడో ఆరిపోయాయి. మాటలు మాత్రం అక్కడే ఉన్నాయి.

"డాక్టరమ్మ చివర్లో కొంచెం మెత్తబడినట్టే అనిపించింది నాన్నా," అంది పిల్ల తలెత్తకుండానే. "అన్నీ తీసేశానని సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి చెప్తాను."

"చెయ్యకమ్మా."

"ఎందుకు?"

అతను గోడకి చేరగిలబడి, కూతురి పక్కనే నేలమీద కూలబడ్డాడు. ఎవర్నైనా ఎంత మాటైనా అనగలిగిన మనిషికి ఈ ఒక్క ముక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎందుకు నాన్నా?" అని మళ్ళీ అడిగింది పిల్ల, ఈసారి ఫోన్ పక్కన పెట్టి.