అడుగున్నర నీడ

కారు షెడ్డు వేసేముందు మాస్టారు నిబంధనల పుస్తకం రెండుసార్లు చదివాడు. పక్కింటి గోడకు మూడడుగులు వదలాలి. స్తంభాలు నిలబెట్టిన రోజు తనే టేపు పట్టి కొలిచి, వంటింట్లో ఉన్న భార్యను పిలిచి మరీ చూపించాడు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ స్తంభాల జోలికే పోలేదు. నిచ్చెనెక్కి రేకు అంచు నుంచి కొలిచాడు.

"అడుగున్నర తక్కువొచ్చింది సార్. పక్కింటివాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి, లేదంటే రేకు కోసెయ్యాలి."

మాస్టారి ముఖం మాడిపోయింది. "ఆ వెల్డరు ఎవరి మాట విని పొడిగించాడు?"

"ఎండ చెప్పుంటుందండీ," అంది భార్య, తలుపు చాటునుంచి.

నిజానికి చెప్పింది ఆమే. మోకాళ్ళ నొప్పుల పక్కింటి పిన్నిగారు రోజూ గోడవతల ఎండలో స్టూలేసుకుని బట్టలుతకడం చూడలేక, వెల్డరుకు టీ ఇస్తూ ఓ మాట చెవిన వేసింది. ఇప్పుడు ఆ నీడకే ఎసరొచ్చేలా ఉంది.

గోడ మీదుగా పిన్నిగారి తల లేచింది. "కాగితం ఇలా ఇవ్వు నాయనా. ఆ రేకు కోస్తే మొదటి ఫిర్యాదు నాదే." తడిచేత్తోనే సంతకం గీకేసింది.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక మాస్టారు రేకునీ, గోడనీ, భార్యనీ వరసగా చూశాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు పుస్తకం తెచ్చేవారు."

మాస్టారు గోడ దగ్గరికి నడిచాడు. "పిన్నిగారూ, ఆ స్టూలు కాస్త ఇటు జరపండి. ఇక్కడింకో జానెడు నీడుంది."