గేష పెరటి కేల్ విత్తనం

మనిషెత్తు పెరిగే కేల్ ఆకుకూర మా ఊళ్ళో ఇప్పుడు గేష పెరట్లో తప్ప ఎక్కడా లేదు. పోయిన మొగుడు హిన్‌డెర్క్ చేతి విత్తనం అది. ఏటా మంచి మొక్కలు నాలుగు కోయకుండా వదిలేసి, వసంతంలో పూయించి విత్తనం కడుతుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల క్యాబేజీ పూయకూడదు. తేనెటీగలు అటూ ఇటూ తిరిగితే జాతి కల్తీ అయిపోతుంది.

పక్కింటి తాల్కెకి ఇదంతా తెలుసు. తెలిసీ తన షెడ్డు వెనక పాత క్యాబేజీలు విరగబూస్తుంటే రేపు పీకుదాంలే అనుకుంది. బద్ధకం, ఇంకేముంది! గేష కంచె మీంచి అడిగితే, ఎప్పుడో పీకేశానని చెప్పి, వారం పోయాక తాపీగా పీకింది.

ఆ విత్తనం మరుసటి ఏడు మొలిచింది. సగం మొక్కలు పొట్టిగా, ఆకులు ముడుచుకుని, అటు కేలూ కాక ఇటు క్యాబేజీ కాక నిలబడ్డాయి. తాల్కె కంచె వైపు చూడటమే మానేసింది.

తొలి మంచు పడ్డాక గేష ఎప్పటిలాగే కూర కోసి, పందికొవ్వూ ఓట్సూ వేసి, పొగబెట్టిన సాసేజ్‌తో పూటంతా ఉడికించి తాల్కెని పిలిచింది. తాల్కె కూరని పళ్ళెం అంచుకి నెడుతూ కూర్చుంది. తిన్నాక గేష టీ పోసింది. మా వైపు తాగేవాళ్ళు తమ కప్పులో చెంచా పెట్టి ఇంక చాలనేదాకా పోస్తూనే ఉంటారు.

"ఇదే ఆఖరే తాల్కె. ఇంక విత్తనం కట్టను," అంది గేష.

"అదేంటక్కా?"

"కళ్ళు పోయాయే. ఆ ఏడు నీ షెడ్డు వెనక పసుపు పూలు కనిపించాయి. నువ్వేమో పీకేశానన్నావు. అప్పుడే అర్థమైంది, లేనివి కనిపిస్తున్నాయని. ఏ మొక్కని చూసి ఏది విత్తనానికి వదిలేశానో! ఆయన విత్తనం నా చేతుల్లోనే పాడైంది."

తాల్కె తలాడించి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోబోయింది కూడా.

"నీ కళ్ళకేం కాలేదక్కా. పూలున్నాయి. నేనే అబద్ధం చెప్పాను."

గేష లేచి కిటికీ దగ్గరికెళ్ళి, పెరట్లో నిలిచిన మొక్కల్ని ఒక్కొక్కటే చూసింది.

"అయితే విత్తనానికి పొడుగువి ఏరగలను," అంది తనలో తాను.

వెనక్కొచ్చి టీ కెటిల్ అందుకుంది. తన కప్పు నింపుకుంది. తాల్కె సాసర్లోని చెంచా తీసి, తనే తాల్కె కప్పులో పెట్టింది.